హింస తరువాత ఒక సమాజం ఎలా నిలబడింది: పిట్స్‌బర్గ్ యూదుల అనుభవం

2018లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో యూదుల ప్రార్థనామందిరమైన సినగాగ్‌పై కాల్పులు జరిగాక అక్కడి యూదులు అంత త్వరగా ఎలా కూడుకోగలిగారని, అది కొవ్వొత్తుల సభలతో ఆగిపోయిందా లేక లోపల మరేదైనా పని జరిగిందా అని, కాన్సాస్‌లో తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను చంపిన ఒలేతే ఘటన చూసిన మన తెలుగు సంఘాలు, గుడి కమిటీలు దాని నుంచి నేర్చుకోదగినది ఏమిటని మీరు అడిగారు. నేను ఈ నగరంలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా, అకస్మాత్తుగా ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు తోడుండే పని చేస్తాను. అందువల్ల ఆ వారాన్నీ ఆ తరువాతి సంవత్సరాలనూ కొంత దగ్గర నుంచి చూడగలిగాను. నాకు అర్థమైనంతలో మీ ప్రశ్నకు అసలు జవాబు దాడికి ముందటి సంవత్సరాలలో ఉంది. ఆ శనివారం మధ్యాహ్నానికి ఎవరు ఎక్కడికి వెళ్ళాలో, ఎవరు ఏ పని అందుకోవాలో ఆ సమాజంలో చాలామందికి అప్పటికే తెలుసు. ఆ తెలియడమే వాళ్ళను నిలబెట్టింది.

జరిగినది క్లుప్తంగా చెబుతాను. స్క్విరెల్ హిల్ అనేది పిట్స్‌బర్గ్ తూర్పు భాగంలోని పాత పేట. నగరం, దాని పరిసరాలలో కలిపి సుమారు 49,000 మంది యూదులు ఉంటే వారిలో నాలుగో వంతుకు పైగా ఈ ఒక్క పేటలోనే నివసిస్తారు. అక్కడ విల్కిన్స్, షేడీ వీధులు కలిసే మూల మీద ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్ ఉంది. ఆ సమాజం 1864లో ఏర్పడింది. దాడి నాటికి ఆ ఒక్క భవనంలో ట్రీ ఆఫ్ లైఫ్, న్యూ లైట్, డోర్ హదాష్ అనే మూడు వేర్వేరు ప్రార్థనా సమాజాలు వేర్వేరు గదులలో ప్రార్థనలు జరుపుకునేవి. 2018 అక్టోబరు 27, శనివారం, అంటే వారి విశ్రాంతిదినాన, ఉదయం పది గంటలకు కాస్త ముందు ఒక సాయుధుడు లోపలికి చొరబడి 11 మందిని కాల్చి చంపాడు. చనిపోయినవారి వయసులు 54 నుంచి 97 వరకు ఉన్నాయి. మూడు సమాజాలూ తమవారిని పోగొట్టుకున్నాయి. గాయపడినవారిలో పోలీసులు కూడా ఉన్నారు. శరణార్థులకు సహాయం చేసే హయాస్ అనే యూదు సంస్థ మీద అతడు ద్వేషం వెళ్ళగక్కాడు. అంతకు వారం ముందే హయాస్ పిలుపు మేరకు దేశమంతటా జరిగిన ‘శరణార్థుల విశ్రాంతిదినం’ అనే కార్యక్రమంలో డోర్ హదాష్ పాల్గొన్నది.

ముందస్తు సిద్ధత అంటే ఏమిటో తెలియడానికి ఒక్క చిన్న విషయం చాలు. ఆచారాన్ని పాటించే యూదులు విశ్రాంతిదినాన ఫోన్ ముట్టుకోరు. ట్రీ ఆఫ్ లైఫ్ రబ్బీ (మతగురువు) జెఫ్రీ మైయర్స్ మాత్రం ఆ రోజు జేబులో ఫోన్ పెట్టుకున్నారు, లోపలి నుంచి పోలీసులకు కబురు చేసినవారిలో ఆయన ఒకరు. కారణం ఏమంటే, స్థానిక యూదు సంస్థల సమాఖ్య అయిన జ్యూయిష్ ఫెడరేషన్ అప్పటికే భద్రత కోసం ఒక మాజీ ఎఫ్‌బీఐ అధికారిని నియమించుకున్నది. ఆయన సినగాగ్ సినగాగ్‌కూ తిరిగి, కాల్పులు జరిగితే ఎటు పరుగెత్తాలో, ఎక్కడ దాక్కోవాలో సభ్యులకు నేర్పించారు, ప్రార్థన సమయంలో కూడా దగ్గర ఫోన్ ఉంచుకోమని రబ్బీలకు సలహా ఇచ్చారు. ప్రాణం నిలబెట్టడానికి విశ్రాంతిదిన నియమాలను దాటవచ్చునని యూదు ధర్మశాస్త్రం స్పష్టంగా చెబుతుంది కనుక ఆ సలహా ఆచారానికి అడ్డు రాలేదు. ఆ శిక్షణ వల్లే బయటపడ్డామని ప్రాణాలతో మిగిలినవారు తరువాత చెప్పారు. మన గుళ్ళలో భద్రత మాట ఎత్తితే దేవుడి సన్నిధిలో ఈ అపశకునపు మాటలెందుకని ఆపేసే పెద్దలు ఇంకా ఉన్నారు, అందుకే ఈ సంగతి వివరంగా రాశాను.

కాల్పుల వార్త తెలియగానే కుటుంబాలు జ్యూయిష్ కమ్యూనిటీ సెంటర్‌కు చేరుకున్నాయి. ఫోర్బ్స్, మరే వీధుల కూడలిలో ఉండే ఈ కేంద్రంలో ఈతకొలను, వ్యాయామశాల, పిల్లల బడి, వృద్ధుల భోజనశాల అన్నీ ఉంటాయి. యూదులు కానివారు కూడా సభ్యులుగా ఉంటారు. రోజూ వచ్చిపోయే చోటు కావడంతో ఎక్కడికి వెళ్ళాలనే సందిగ్ధం ఎవరికీ కలగలేదు. తమవారు బతికి ఉన్నారో లేదో తెలియని కుటుంబాలు గంటల తరబడి అక్కడే కూర్చున్నాయి. ఎఫ్‌బీఐ, రెడ్‌క్రాస్, జ్యూయిష్ ఫ్యామిలీ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్ అనే సహాయ సంస్థకు చెందిన కౌన్సెలర్లు అక్కడికే వచ్చారు. నా వృత్తిలో నేను పదే పదే చూసే బాధ ఒకటి ఉంది: దుర్వార్త కోసం ఎదురుచూసే మనుషులను ఆసుపత్రి వసారాలో, పోలీసు స్టేషను బల్లల మీద, ఎవరూ పట్టించుకోని చోట కూర్చోబెడతాము. తెలిసిన గోడల మధ్య, తెలిసిన ముఖాల మధ్య ఆ నిరీక్షణ జరగడం ఎంత మేలో బయటివారికి తెలియదు.

ఇక ఎక్కువగా ఎవరూ చెప్పుకోని పనికి వస్తాను. చాలా యూదు సమాజాలలో హెవ్ర కడీషా అనే అంత్యక్రియల బృందం ఉంటుంది. మృతదేహానికి స్నానం చేయించడం, తెల్లని నార వస్త్రం తొడగడం, ఖననం దాకా దేహాన్ని ఒంటరిగా వదలకుండా పక్కన కాపలా కూర్చోవడం వీరి బాధ్యత. ఉపాధ్యాయులు, వకీళ్ళు, విశ్రాంత ఉద్యోగులు ఈ పనిని జీతం లేకుండా, పేరు చెప్పుకోకుండా చేస్తారు. హత్యకు గురైనవారి విషయంలో చిందిన రక్తం కూడా దేహంలో భాగమే కనుక దానిని కూడా సేకరించి భూమిలో పెట్టాలి. దర్యాప్తు అధికారులు అనుమతించాక ఈ స్వచ్ఛంద కార్యకర్తలు ఆ భవనంలోకి వెళ్ళి ఆ పని చేశారు. శవపరీక్ష కార్యాలయంలో దేహాలు ఉన్నంతసేపూ వంతులు వేసుకుని కాపలా కూర్చున్నారు.

మా విభాగంలో పనిచేసే ఒకావిడ ఈ బృందంలో సభ్యురాలు. ఆ వారంలో ఒక రాత్రి వంతు ఆవిడకు వచ్చింది. తెల్లవారుజామున కాపలా ముగించుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో కీర్తనల పుస్తకం, ఒక థర్మోస్ ఉన్నాయి. ఏం చేశారని అడిగితే, తన తరువాతి మనిషి వచ్చేదాకా కీర్తనలు ఒకదాని తరువాత ఒకటి చదువుతూ కూర్చున్నానని, చదవడం ఆపినప్పుడు మాత్రమే భయం వేసిందని చెప్పి డ్యూటీ కోటు తొడుక్కున్నారు. ఆవిడ మాటలో నాకు వృత్తిపరంగా చాలా విలువైన సంగతి కనబడింది. విపత్తు జరిగినప్పుడు మనుషులను కుంగదీసేది చేతులు ఖాళీగా ఉండడం. ఏదో ఒక పని చేయాలని అందరూ తపిస్తారు, ఏ పని చేయాలో మాత్రం తెలియదు. ఈ సమాజంలో తరతరాలుగా ఆ పనులు ముందే విభజించి ఉన్నాయి, నేర్చుకున్నవారు సిద్ధంగా ఉన్నారు.

ఖననాలు మంగళవారం మొదలై శుక్రవారం దాకా సాగాయి. ఖననం తరువాత వారం పాటు కుటుంబం ఇంట్లోనే ఉండి పరామర్శలు అందుకోవడాన్ని షివా అంటారు. దుఃఖంలో ఉన్నవారు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు, ఇంట్లో అద్దాలు కప్పేస్తారు, వారిని వంట చేయనివ్వరు. వచ్చినవారు ముందుగా మాట్లాడకూడదు. దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా మౌనంగా పక్కన కూర్చోవాలి. పరామర్శకు వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియక అనకూడని మాటలు అనేవారిని ఎంతోమందిని చూసిన నాకు ఈ నియమం ఎంత తెలివైనదో బాగా తెలుసు. మృతుల కోసం చెప్పే కద్దిష్ ప్రార్థనను ఒక్కరే చెప్పుకోవడానికి వీలులేదు, కనీసం పదిమంది పెద్దలు ఉండాలి. అంటే చుట్టుపక్కలవారు తప్పనిసరిగా ఆ ఇంటికి రావలసిందే. శోకించేవారు తలుపు వేసుకుని ఒంటరిగా కుమిలిపోయే అవకాశాన్ని ఆచారమే ఇవ్వదు. ఆ శుక్రవారం పిట్స్‌బర్గ్ పోస్ట్-గెజెట్ పత్రిక తన మొదటి పేజీలో పతాక శీర్షికగా కద్దిష్ తొలి మాటలను హీబ్రూ లిపిలో అచ్చువేసింది. దాడి వార్తలను అందించినందుకు ఆ పత్రికకు 2019లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

మీరు అడిగిన కొవ్వొత్తుల సభల సంగతి. మొదటిది ఆ శనివారం సాయంత్రమే వానలో జరిగింది. దాన్ని పిలిచింది పెద్దలెవరూ కారు, అదే పేటలోని టేలర్ ఆల్డర్‌డైస్ హైస్కూలు విద్యార్థులు. మరునాడు ఆదివారం సోల్జర్స్ అండ్ సెయిలర్స్ హాలులో సర్వమత సభ జరిగితే లోపల చోటు చాలక బయట వాన కింద జనం నిలబడ్డారు. నేను కూడా ఆ బయటివారిలోనే ఉన్నాను. రబ్బీ మైయర్స్ రాజకీయ నాయకులను ఉద్దేశించి, ద్వేషపూరితమైన మాటలు మానమని, అది మీతోనే మొదలు కావాలని గట్టిగా కోరారు. పిట్స్‌బర్గ్ ఇస్లామిక్ సెంటర్ ప్రతినిధి లేచి, ముస్లింలు దేశమంతటా చందాలు పోగుచేస్తున్నారని, తరువాతి ప్రార్థనకు బయట కాపలా నిలబడాలన్నా తాము వస్తామని చెప్పారు. ఆ చందా చివరకు 2 లక్షల డాలర్లు దాటింది. మరుసటి మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మందిని చంపినప్పుడు ట్రీ ఆఫ్ లైఫ్ సభ్యులు ఆ బాధితుల కోసం చందా మొదలుపెట్టారు. 2015లో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో తొమ్మిది మందిని పోగొట్టుకున్న నల్లజాతీయుల ఎమాన్యుయేల్ చర్చి పాస్టరు ఆ వారమే పిట్స్‌బర్గ్ వచ్చారు. తరువాత న్యూ లైట్ సభ్యులు చార్లెస్టన్ వెళ్ళి ఆ చర్చివారితో గడిపి వచ్చారు. అదే గాయం తగిలిన మనిషి పక్కన కూర్చోవడం ఏ కౌన్సెలరూ ఇవ్వలేని ఊరట.

ఇక్కడ మన భారతీయులకు సంబంధించిన చరిత్ర కూడా కొంత ఉంది, ఈ నగరంలోని కొత్త తరానికి అది తెలియదు. 2000 ఏప్రిల్ 28న పిట్స్‌బర్గ్ శివారులో ఒక జాతివిద్వేషి తన పొరుగున ఉన్న యూదు మహిళను చంపాడు, రెండు సినగాగ్‌ల మీద కాల్పులు జరిపాడు, స్కాట్ టౌన్‌షిప్‌లోని ఇండియన్ కిరాణా దుకాణంలోకి వెళ్ళి ఒకరిని చంపాడు, అక్కడే మరొకరు వెన్నెముకకు గుండు తగిలి కదలలేని స్థితికి వచ్చారు. ఆ రోజు మొత్తం ఐదుగురు చనిపోయారు. చిరునామాలు వేరైనా ద్వేషం ఒక్కటే. 1976 నుంచి పెన్ హిల్స్ కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి నడుపుకుంటున్న మనం స్క్విరెల్ హిల్ దుఃఖాన్ని పరాయివాళ్ళ సంగతిగా చూడలేము.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. ఆ సమాజం కూడుకున్నదంటే అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారని దయచేసి అనుకోవద్దు. నాలుగో రోజున అధ్యక్షుడు ట్రంప్ వచ్చినప్పుడు రబ్బీ మైయర్స్ ఆయనను కలిశారు. అదే సమయంలో ఆ రాకను నిరసిస్తూ వేలమంది అదే పేట వీధులలో నడిచారు, ఆ నడకలో ఎంతోమంది యూదులు ఉన్నారు. హంతకుడికి మరణశిక్ష విధించాలని చాలా బాధిత కుటుంబాలు కోరాయి. వద్దని డోర్ హదాష్ సమాజం, న్యూ లైట్ రబ్బీ జానథన్ పెర్ల్‌మన్ దేశపు అటార్నీ జనరల్‌కు లేఖలు రాశారు. తుపాకుల నియంత్రణ కోసం డోర్ హదాష్ సభ్యులు స్క్విరెల్ హిల్ స్టాండ్స్ అగెయిన్‌స్ట్ గన్ వయలెన్స్ అనే సంస్థను నెలకొల్పారు. సినగాగ్ తలుపు దగ్గర సాయుధ కాపలా ఉండాలన్నవారు, వద్దన్నవారు ఒకే వరుసలో కూర్చుని ప్రార్థించారు. ఇంత తేడా ఉన్నా చీలిపోకపోవడానికి కారణం, శోకానికి సంబంధించిన పనులను అభిప్రాయాలతో ముడిపెట్టకపోవడం. కద్దిష్‌కు పదోమనిషి కావలసినప్పుడు మరణశిక్ష మీద ఆ మనిషి అభిప్రాయం ఏమిటని ఎవరూ అడగరు.

డబ్బు విషయంలో వారు చూపిన జాగ్రత్త మన సంఘాలు తప్పక గమనించాలి. జ్యూయిష్ ఫెడరేషన్ తెరిచిన నిధికి ప్రపంచం నలుమూలల నుంచి 60 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. దానిని పంచే అధికారాన్ని ఫెడరేషన్ తన దగ్గర ఉంచుకోకుండా ఒక స్వతంత్ర సంఘానికి అప్పగించింది. ఎవరికి ఏ ప్రాతిపదికన ఎంత వెళుతుందో ఆ సంఘం 2019 మార్చిలో బహిరంగంగా ప్రకటించింది. అత్యధిక భాగం మృతుల కుటుంబాలకు, తీవ్రంగా గాయపడినవారికి వెళ్ళింది. ఆ ఉదయం లోపల చిక్కుకున్నవారికి, పోలీసులకు, భవనానికి కూడా వాటాలు కేటాయించారు. విపత్తు నిధుల పంపకంలో గొడవలు వచ్చి, చచ్చిపోయినవారి కన్నా డబ్బే ముఖ్యమైపోయిన కుటుంబాలను, సంఘాలను నేను చూశాను. ఇక్కడ ఆ పరిస్థితి రాలేదు.

మొదటి వారం దాటాకే అసలు కష్టం మొదలవుతుంది. వంటలు తెచ్చేవారు తగ్గుతారు, టీవీ బళ్ళు వెళ్ళిపోతాయి. న్యూ లైట్ సమాజం ఆ రోజు ముగ్గురిని పోగొట్టుకున్నది. ప్రతి వారం ప్రార్థనలు నడిపి, యూదుల పవిత్రగ్రంథమైన తోరా పఠనం చేసే మనుషులు వాళ్ళే. గ్రంథాన్ని ఎవరో ఒకరు చదవాలి కనుక అంతవరకు ముందుకు రాని సభ్యులు హీబ్రూ స్వరాలు నేర్చుకుని ఆ వంతులు తీసుకున్నారు. మృతుల స్థానంలో నిలబడి చదవడం ఎంత కష్టమో ఊహించండి. ఆ కష్టమే వాళ్ళను మళ్ళీ మళ్ళీ ఆ గదికి రప్పించింది. భవనం మూతపడ్డాక న్యూ లైట్‌కు బెత్ షాలోమ్ సినగాగ్, మిగిలిన రెండింటికి రోడెఫ్ షాలోమ్ చోటిచ్చాయి. 2019లో యూదుల కొత్త సంవత్సర ప్రార్థనలకు వచ్చే జనానికి చోటు చాలదని తెలిసినప్పుడు కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి తన ప్రాంగణాన్ని ట్రీ ఆఫ్ లైఫ్‌కు ఇచ్చింది.

2019లోనే దాడి తేదీ పేరుతో 10.27 హీలింగ్ పార్ట్‌నర్‌షిప్ అనే కేంద్రాన్ని కమ్యూనిటీ సెంటర్ భవనంలోనే తెరిచారు. దాడితో ఏ రకంగా ప్రభావితమైనవారైనా, యూదులైనా కాకపోయినా, అక్కడికి వెళ్ళవచ్చు. 2023లో విచారణ జరిగినప్పుడు ఈ కేంద్రం ఎంత అవసరమో తేటతెల్లమైంది. ఐదేళ్ళుగా మానుతున్న గాయాన్ని న్యాయస్థానం సాక్ష్యాల కోసం మళ్ళీ తెరిచింది, లోపలి నుంచి చేసిన ఫోన్ కాల్స్ వినిపించారు. ఆ నెలలన్నీ కుటుంబాలతో పాటు కౌన్సెలర్లు కూడా న్యాయస్థానంలో ఉన్నారు. జూన్ 16న మొత్తం 63 అభియోగాలూ రుజువయ్యాయని, ఆగస్టు 2న మరణశిక్ష విధించాలని జ్యూరీ తీర్పు చెప్పింది. మన ఒలేతే కేసు లాంటి వాటిలో కూడా ఈ రెండో దెబ్బ గురించి ఎవరూ ముందే హెచ్చరించరు. విచారణ తేదీలు దగ్గర పడుతున్నప్పుడు కుటుంబాన్ని పలకరించడం మానకండి.

స్మరణ దినం విషయంలో కూడా రెండు లెక్కలు ఉన్నాయి. ప్రజలందరికీ అక్టోబరు 27 గుర్తు. ఆచారం ప్రకారం మాత్రం మనం తిథిని బట్టి ఆబ్దికం పెట్టుకున్నట్టే వాళ్ళు హీబ్రూ పంచాంగంలోని హెష్వాన్ నెల 18వ రోజున స్మరించుకుంటారు. మొదటి సంవత్సరం నాడు తోరా పఠనంతో పాటు నగరమంతటా సేవా కార్యక్రమాలు నడిపి, సాయంత్రం సభ చేశారు. పాత భవనంలో చాలా భాగాన్ని 2024 జనవరిలో పడగొట్టారు. హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల నరమేధం) నుంచి బయటపడినవారి కుమారుడైన వాస్తుశిల్పి డానియెల్ లీబెస్‌కిండ్ రూపొందించిన కొత్త భవనానికి ఆ జూన్‌లో పనులు ప్రారంభించారు. న్యూ లైట్, డోర్ హదాష్ మాత్రం ఆ చోటికి తిరిగి రాకూడదని నిర్ణయించుకున్నాయి. ఎవరూ వారిని నిష్ఠురమాడలేదు, నా దృష్టిలో అది ఆ సమాజపు గొప్పదనాలలో ఒకటి.

మీ గుడి కమిటీకి నేను చెప్పేది ఇదే. దుర్ఘటన జరిగితే కుటుంబాలు చేరవలసిన చోటు ఏదో ఇప్పుడే నిర్ణయించి, ఆ తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో రాసిపెట్టండి. స్థానిక పోలీసులను పండుగ రోజుల ఏర్పాట్లకు మాత్రమే పిలవకుండా ఏడాదికి ఒకసారి అర్చకులకు, వంటశాలవారికి, బాలవికాస్ ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించండి. ఇండియాకు పార్థివదేహాన్ని పంపవలసి వస్తే కాన్సులేట్ కాగితాలు, ఫ్యునరల్ హోమ్, విమాన సంస్థ పనులు తెలిసిన ఐదారుగురిని గుర్తించి వారికి ఆ బాధ్యత అప్పగించండి. ప్రతిసారీ వాట్సాప్ గ్రూపులో అడుక్కునే పరిస్థితి ఉండకూడదు. చందా పోగైతే పంచేది కార్యవర్గం కాకుండా బయటి పెద్దల సంఘమని నియమావళిలో ముందే చేర్చండి. మీ ఊరి సినగాగ్, మసీదు, గురుద్వారా, నల్లజాతీయుల చర్చి పెద్దల ఫోన్ నంబర్లు మీ అధ్యక్షుడి దగ్గర ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే వచ్చే పండుగకు వారిని భోజనానికి పిలవండి. పిట్స్‌బర్గ్ జ్యూయిష్ ఫెడరేషన్ తమ అనుభవాన్ని ఇతర మతాలవారితో పంచుకుంటూనే ఉంది, కనుక మీ ఊరి ఫెడరేషన్‌కు ఉత్తరం రాస్తే భద్రతా శిక్షణ ఎక్కడ దొరుకుతుందో వాళ్ళే చెబుతారు. ఆ ఉత్తరం రాయడానికి ఎవరైనా సాయం కావాలంటే ఇక్కడే అడగండి, నేను రాసిపెడతాను.